మనిషి నాలుగంగుళాలు ఎక్కువ

మా గోల్ఫ్ క్లబ్బులో ఇకపై కర్రలను మనుషుల కొలతకు తయారు చేయబోమని సభ్యులందరికీ సవినయంగా తెలియజేస్తున్నాం. ఇది ప్రగతి. కంగారు పడనవసరం లేదు.

పూర్వం మనుషులకు బొత్తిగా నాగరికత లేదు. అంగట్లో ఒకే పొడవు కర్రలుండేవి. పొట్టివాడైనా పొడుగువాడైనా వాటితోనే ఆడి, ఓడి, ఇంటికెళ్లేవాడు. ఆ తర్వాత మా క్లబ్బుకు కొలతల మేస్త్రి వచ్చాడు. ఆయన మనిషిని నిటారుగా నిలబెట్టి, మణికట్టు నుంచి నేల దాకా టేపు పట్టేవాడు. కర్ర చివర బంతిని తాకే ముఖానికి కాగితం అంటించి నాలుగు బంతులు కొట్టించేవాడు. మచ్చ ఎక్కడ పడిందో చూసి, కర్రను అరంగుళం కోయడమో, మెడ దగ్గర కాస్త వంచడమో చేసేవాడు. చివరికి "సరిపోయినది" అని చీటీ రాసి సంతకం పెట్టేవాడు. ముప్పయ్యేళ్లు ఈ అమాయకత్వం సాగింది.

ఇంతలో క్లబ్బును నడిపే కంపెనీకి కొత్త ఛైర్మన్ గారు వచ్చారు. ఎత్తు ఐదడుగులు, హోదా ఆకాశమంత. మేస్త్రి ఆయనకు తగ్గట్టు పొట్టి కర్రలు చేసిచ్చాడు. మర్నాడే ఆరడుగుల జనరల్ మేనేజరు వచ్చి, తనకూ అచ్చం అవే కావాలన్నాడు.

"నడుం పట్టేస్తుంది సార్," అన్నాడు మేస్త్రి.

"నడుం నాది, ప్రమోషనూ నాదే. నువ్వు చేసివ్వవయ్యా బాబూ!"

వారంలో పద్దెనిమిది మంది అధికారులు క్యూ కట్టారు. పెద్దాయన కన్నా పొడుగు కర్ర పట్టుకోవడం మర్యాద కాదని అందరికీ ఒకేసారి తట్టింది. మేస్త్రి కర్రలు చేసిచ్చాడు గానీ, చీటీల మీద "సరిపోలేదు" అని రాశాడు. అలాంటి చీటీతో పోటీలో ఆడనివ్వరు. ఛైర్మన్ గారి పోటీ మొదలయ్యేలోగా అన్ని చీటీలూ మార్చకపోతే ఉద్యోగం ఉండదని క్లబ్బు కార్యదర్శి మేస్త్రికి ప్రేమగా చెప్పాడు.

ఇంట్లో కోడలు నచ్చజెప్పింది. "సంతకమే కదా మామయ్యా! వంగేది వాళ్లు. మధ్యలో మీకేంటి నొప్పి?"

"సంతకం నాది కదమ్మా."

మొండివాణ్ణి దారిలో పెట్టడానికి శాస్త్రాన్ని పిలిపించారు. పన్నెండు కెమెరాలు, ఒక రాడారు ఉన్న యంత్రం దిగింది. జనరల్ మేనేజరును ఎగాదిగా చూసి, "కర్ర నాలుగంగుళాలు తక్కువ" అని ప్రకటించింది. దానికీ మేస్త్రి జబ్బే ఉన్నట్టు తేలింది. కంపెనీ ఇంజనీరు అరగంట కూర్చుని, కర్ర ఎప్పుడూ తప్పు కాదని దానికి నేర్పాడు. ఈసారి యంత్రం బుద్ధిగా చెప్పింది: "మనిషి నాలుగంగుళాలు ఎక్కువ."

చప్పట్లు మోగాయి. జనరల్ మేనేజరు అక్కడికక్కడే క్షమాపణ చెప్పుకున్నాడు.

"ఇక సంతకం పెట్టడానికేం మేస్త్రీ?" అన్నాడు కార్యదర్శి.

"దాన్నే పెట్టమనండి. నాకన్నా తొందరగా నేర్చుకుంటోంది."

పోటీ రోజు వచ్చింది. పద్దెనిమిది మందీ మోకాళ్లు మడిచి, నడుం వంచి, వరుసగా నిలబడ్డారు. ఛైర్మన్ గారు అటూ ఇటూ చూసి మురిసిపోయారు.

"మా కంపెనీలో అందరిదీ ఒక్కటే ఎత్తు! సమానత్వమంటే ఇదే. నేనెన్నడూ ఎవర్నీ వంగమనలేదు. ఇది వాళ్ల సంస్కారం. అవునూ, ఆ చివరున్న పొడుగాయన ఎవరయ్యా?"

మేస్త్రి ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. నిటారుగా నిలబడ్డాడు, అంతే.

"ఒక్క క్షణం వంగవయ్యా, ఉద్యోగం నిలబడుతుంది," అని కార్యదర్శి చెవిలో బతిమాలాడు. మేస్త్రి, తాను సంతకం పెట్టని కొత్త చీటీలన్నీ కార్యదర్శి చేతిలో పెట్టి, గేటు వైపు నడిచాడు. "పరిమాణం మించినందున" మేస్త్రిని తొలగించినట్టు ఆ సాయంత్రమే నోటీసు అంటించాం.

ఖాళీ అయిన ఉద్యోగానికి నాలుగు వందల దరఖాస్తులొచ్చాయి. ఎత్తు రాయాల్సిన గడిలో, ముందే కూడబలుక్కున్నట్టు, అందరూ ఒకే జవాబు రాశారు: "తమరి అవసరాన్ని బట్టి."

మీ దరఖాస్తూ అందింది. చేతిరాత బావుంది.