సబ్బు నగరంలో రాజభవనం మాయం

"బావా, లోకంలోని నేరస్థులంతా ఒకే ఒక్క పొరపాటు చేశారు. నా కాలంలో పుట్టారు."

మా బావమరిది తన కళ్ళజోళ్ళ కొట్టులోంచి తెచ్చిన భూతద్దం ఊపుతూ, గుమ్మంలో నిలబడి ప్రకటించాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఇలాంటివి వింటూనే ఉన్నాను, చెవులు చిల్లులు పడి కూడా చాన్నాళ్ళయింది.

కేసు ఇదీ. మా ఆవిడ బల్ల మీద ఆడే ఆటొకటి కనిపెట్టింది. ప్రాచీన నగరం కట్టాలి. కాలువ తవ్వి, ధాన్యం నింపి, కోటగోడ లేపి, చివరికి రాజభవనం ఎవరు నిలబెడితే వాళ్ళదే గెలుపు. చెక్క చెక్కడం రాదు కాబట్టి ఊరంతా తెల్ల సబ్బుల్లోంచి చెక్కింది. ఆ మధ్యాహ్నమే బొమ్మల కంపెనీ ఆవిడ వచ్చి ఆడి చూస్తానంది. నచ్చితే దుకాణాలకెక్కుతుంది, లేకపోతే అటకెక్కుతుంది. తీరా పొద్దున్నే చూస్తే రాజభవనం లేదు. మా ఆవిడ ఏడవలేదు గానీ కాఫీ కూడా ముట్టుకోలేదు.

బావమరిది తలుపులేసి, ఎవరూ కదలొద్దన్నాడు. ఉన్నది నేనూ, మా ఆవిడా, మా అత్తగారూ. వేలిముద్రల కోసమని పౌడరు డబ్బా మొత్తం బల్ల మీద గుమ్మరించాడు. ముద్రలు బాగానే దొరికాయి, అన్నీ వాడివే. తర్వాత కూపీ లాగాడు. నిన్నటి ఆటలో మా ఆవిడ నా కాలువకి అడ్డంగా గోడ కట్టిందనీ, నా ప్రజలంతా కరువుకి పోయారనీ తెలిసింది.

"ఒప్పేసుకో బావా. శిక్ష తగ్గేలా చూస్తాను."

"ఆ ప్రజలు చొక్కా గుండీలురా."

"గుండీలే కదా అని గుండె రాయి చేసుకున్నావా?"

ఇంతలో పౌడరు ముక్కులోకి పోయి తుమ్ములందుకున్నాడు. నిందితుణ్ణి కనిపెట్టుకుని ఉండమని నిందితుడైన నాకే అప్పగించి, మొహం కడుక్కోడానికి పోయాడు. చాలాసేపటికి నురగ మొహంతో తిరిగొచ్చాడు.

"ఏం సబ్బు కొంటావు బావా? కిటికీలున్నాయి. బుగ్గ గీరుకుపోయింది."

మా ఆవిడ వాడి చేతిలోది లాక్కుంది. రాజభవనమే. బురుజులు అరిగి, మెట్లు కరిగి, ఓ పక్కకి ఒరిగి ఉంది. బల్ల మీద సబ్బెందుకని తనే తీసుకెళ్ళి సబ్బుపెట్టెలో పెట్టానని అత్తగారు తీరిగ్గా చెప్పింది. ఆవిడ కళ్ళజోడు కొడుకు కొట్టులోదే. కేసు ఛేదించానని వాడు నాతో కరచాలనం చేశాడు. మా ఆవిడ మాత్రం వాడి మొహం చూడలేదు.

కంపెనీ ఆవిడ వచ్చి ఆట మొత్తం ఆడింది. ఆఖర్న ఆ అరిగిన భవనాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది. మా ఆవిడ బల్ల కింద నా చెయ్యి నలిపేస్తోంది.

"ఆట బాగుంది. కానీ మిగతా ఊరంతా నిన్న కట్టినట్టుంది. ఇదొక్కటే వేల ఏళ్ళు ఎండకీ వానకీ నిలిచినట్టుంది. అన్నీ ఇలాగే చేసిస్తారా?"

మా ఆవిడ మొహం వెలిగిపోయింది. ఊరంతా పళ్ళెంలోకి ఎత్తి, మూల కూర్చుని తుమ్ముతున్న తమ్ముడి ఒళ్ళో పెట్టింది.

"ఒరేయ్, వెళ్ళి స్నానం చేసిరా. తొందరేం లేదు."