చిటికెడు మేత

రాజాం పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, బియ్యం వర్తకులు జగన్నాధం గారి ముందుగదిలోని సముద్రపు నీటి అక్వేరియంలో నాచు పట్టింది. వెంటనే ఏర్పడిన నాచు నివారణ సంఘానికి కార్యదర్శిని నేనే కాబట్టి జరిగింది జరిగినట్టు నివేదిస్తున్నాను.

అందులో విశాఖపట్నం నుంచి తెచ్చిన రాళ్లు, రెండు నారింజ రంగు చేపలు, మధ్యన ఊదారంగు మెత్తటి పగడం ఉన్నాయి. పొద్దున్నే ఆ పగడం చిన్న చిన్న వేళ్లు విప్పితే గాని జగన్నాధం గారి భార్య నీలవేణి కాఫీ ముట్టుకునేది కాదు. ఇప్పుడు ఆ వేళ్ల మీదికి నాచు పాకింది. పగడం విచ్చుకోవడం మానేసింది, ఆవిడ కాఫీ మానేసింది.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఉప్మా బాగుంది. రైతు జోగయ్య లేచి, "మా మడిలో నాచు పడితే మైలుతుత్తం మూటగట్టి నీటిదారిలో ఎడతాం. దీనికీ అదే మందు" అన్నాడు. తీర్మానం చప్పట్ల మధ్య నెగ్గింది. "పగడం సచ్చిపోతాది మావా!" అని భర్తతో అంటూ నీలవేణి తొట్టె మూత మీద రెండు చేతులూ పెట్టి నిలబడిపోవడం వల్ల అమలు మాత్రం కాలేదు.

విశాఖపట్నం నుంచి నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన తొట్టెకేసి ఒక్కసారి, మాకేసి చాలాసేపు చూశాడు. "మేత ఎక్కువైంది. మిగిలింది కుళ్లి నాచుకు ఎరువవుతోంది. వారం రోజులు ఇంటావిడ తప్ప ఎవరూ మేత వేయకండి. లేకపోతే పగడం దక్కదు" అని చెప్పి వెళ్లిపోయాడు.

"ఇదేటి సోద్యం!" అంది జగన్నాధం గారి తల్లి లక్ష్మణమ్మ. "మనం తింతంటే అవి నోరు తెరిసి సూస్తన్నాయి. ఆటికెట్టకుండా మనకి ముద్ద దిగుతాదేటి?"

అయినా సంఘం చట్టానికి కట్టుబడింది. "మేత వేయరాదు" అని బోర్డు రాయించాం. మితాహారం మీద అధ్యక్షులవారు అరగంట ప్రసంగించారు. అందరం బోర్డు పక్కన సెల్ఫీలు దిగాం.

ఎనిమిదోనాటికి నాచు రెట్టింపైంది.

నీలవేణి మమ్మల్నందరినీ పిలిచి, మేత డబ్బా, బియ్యం కొలిచే ఖాళీ గిద్ద ముందు పెట్టింది. "నానెవర్నీ ఏటీ అనను. ఈ వారం ఎవులెంత ఏసినారో ఇందులో అంత ఎయ్యండి, సాలు."

"నానేసింది సిటికెడే గదే" అని గొణుగుతూ జగన్నాధం గారే మొదలుపెట్టారు. లక్ష్మణమ్మ పూటకొకటి చొప్పున లెక్కగట్టి వేసింది. జోగయ్య వేశాడు. గ్యాస్ బండ తెచ్చినాయన వేశాడు. అధ్యక్షులవారు బోర్డు చదివిన ప్రతిసారికీ ఒకటి వేశారు. గిద్ద నిండింది. ఆవిడ దానికి నాలుగింతలుండే సోల తెచ్చింది. అదీ నిండింది.

"అందరిదీ సిటికెడే" అంది నీలవేణి, ముడుచుకున్న పగడంకేసి చూస్తూ. కళ్లు తుడుచుకుంది. నిజం చెప్పొద్దూ, నాకూ సిగ్గేసింది.

అప్పటికింకా నా వంతు రాలేదు. నా చిటికెడు నా వేళ్ల మధ్యే ఉంది. చదువుకున్నవారు, మీరే చెప్పండి: నా ఒక్క చిటికెడుకే నాచు పడుతుందా?