నలభై పేర్లు, ఐదుగురు మనుషులు

ఆ ఆదివారం ఉదయం ఆటల కొట్టాయన చేయవలసిన పనులు ఇవి: గడ్డం గీసుకోవాలి, షట్టరుకు నూనె వేయాలి, నలభై కుర్చీలు అద్దెకు తేవాలి, పదకొండింటికి వచ్చే బిల్డింగు ఓనరుగారి నోరు మూయించాలి.

"బల్ల చుట్టూ కూర్చుని కథలు చెప్పుకునే ఆట ఎవరాడతారయ్యా? ఖాళీ చెయ్, మందుల కొట్టుకిస్తా," అని వారం కిందట అన్నాడు ఓనరు. "నలభై మందిని చూపిస్తానండీ. చూపించకపోతే తాళాలు మీవే," అనేశాడు కొట్టాయన. ఊరికే అనలేదు. ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు వీరులై, మంత్రగాళ్లై పాచికలేసి సాహసాలు చేసే ఆట అది. దానికోసం గోడకు అంటించిన కాగితంలో అక్షరాలా నలభై పేర్లు పడ్డాయి.

పదిన్నరకు ఐదుగురొచ్చారు.

"మిగతావాళ్లేరమ్మా?" అని కథ నడిపే లెక్కల టీచరును అడిగాడు.

"అందరం వచ్చేశాం బాబాయ్. ఆ పేర్లు ఆటలో మా వేషాలవి. పళ్ల డాక్టరుగారివే పదకొండు."

"పదకొండా!"

"ఊరికే చచ్చిపోతుంటాయి మరి."

కొట్టాయన గోడ మీది కాగితం మళ్లీ చదువుకున్నాడు. "ఇన్నేళ్లుగా అమ్ముతున్నారు, ఒక్కసారైనా ఆడి చూస్తేగా!" అని భార్య ఓ చురక అంటించింది.

ఖాళీ కుర్చీలు లోపలుంటే పరువు పోతుందని ముప్పై ఐదింటినీ బయట బస్టాపు పక్కన వేయించాడు. కుర్చీ కనబడితే కూర్చోని మనిషి ఉంటాడా? బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా కూర్చున్నారు. "గట్టిగా చెప్పమ్మా, వినపడట్లేదు," అని ఒక మామ్మగారు కేకేస్తే, టీచరు బల్లను గుమ్మంలోకి లాగించింది.

"గుహలో ఏదో బుసకొడుతోంది. ఏం చేస్తారు?"

"పారిపోండి!" అన్నాడు కొరియరు మనిషి.

"పారిపోతే వెంటబడదూ? ముందు దీపం ఆర్పండి," అంది మామ్మ.

బస్సొచ్చింది, హారను కొట్టింది, పోయింది. ఒక్కడూ లేవలేదు.

పదకొండింటికి ఓనరు వచ్చేసరికి ఒక్క కుర్చీ కూడా ఖాళీగా లేదు. "లేవండి, నేను బిల్డింగు ఓనర్ని!"

"ఉష్! డ్రాగన్ లేస్తుంది," అని నలభై గొంతులు కసిరాయి.

"గుహలో ఓనర్లు చెల్లరండి. కత్తి కావాలా, మంత్రమా, గుర్రమా?" అంది టీచరు.

ఓనరు అటూ ఇటూ చూసి, "గుర్రం," అన్నాడు చిన్నగా.

రెండింటికి మందుల కొట్టువాడు ఫోన్ చేస్తే, "యుద్ధంలో ఉన్నానయ్యా, పెట్టేయ్!" అని గర్జించి ఓనరు పాచిక విసిరాడు. డ్రాగన్ కూలింది. వీధి వీధంతా ఈలలు.

"మరి కొట్టు సంగతి...?" అని నసిగాడు కొట్టాయన.

"కొట్టెక్కడికీ పోదు. వచ్చే ఆదివారం నా కుర్చీ ముందు వరసలో వెయ్."

ఆ వీధి ఇప్పటికీ పండుగ చేసుకుంటోంది గానీ, ఆ పోరులో డ్రాగన్ నోట పడ్డ గుర్రాన్ని మీరైనా కాస్త గుర్తుంచుకోండి. దానికి పేరైనా పెట్టలేకపోయానని ఓనరుగారు ఇంకా అన్నం సరిగా తినడం లేదు.