బంగ్లాదేశ్ మోడల్

పదకొండింటికి హైదరాబాద్ కంపెనీ సారు సిరిసిల్ల వస్తాడు. యాదగిరి కుట్టిన తెల్ల చొక్కాను, మోడల్‌గా తాను ఇచ్చిపోయిన బంగ్లాదేశ్ తెల్ల చొక్కాను పక్కపక్కన పెట్టి చూస్తాడు. నచ్చితే విదేశాలకు పంపే ఆర్డరు యాదగిరి కుట్టు షెడ్డుకే. ఆ రోజు ప్లాను అంతే. నచ్చకపోతే ఆర్డరు బంగ్లాదేశ్‌కు, షెడ్డుకు తాళం. కోరుట్లలో ఉండే బావమరిది జలపతి అప్పుడే దుబాయి వీసా తెప్పించి పెట్టాడు. పెళ్లాం పిల్లల్ని వదిలి ఆ ఎండలో సిమెంటు మోయడం యాదగిరికి బొత్తిగా ఇష్టం లేదు.

తొమ్మిదింటికి స్నానం చేసి వచ్చేసరికి అతను కుట్టిన చొక్కా కాలరుకు పసుపు!

"ఏందవ్వా గిది?"

"కొత్త బట్టకు పసుపు పెట్టకుంట ఎట్ల కొడుకా? మంచిగైతదని పెట్టిన," అంది తల్లి బుచ్చవ్వ.

భార్య రేణుక చొక్కా లాక్కుని సబ్బు రుద్దింది. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో కంగారులో ఎవరికీ గుర్తు రాలేదు. కాలరు ఎర్రబడింది, ఆ ఎరుపు జేబు దాకా దిగింది. త్వరగా ఆరాలని యాదగిరి ఇస్త్రీపెట్టె అందుకున్నాడు. కంగారులో దాన్ని ఒకేచోట ఉంచేశాడు. జేబు మాడింది.

పదిన్నర. ఇంకొకటి కుట్టే టైం లేదు. యాదగిరి బంగ్లాదేశ్ చొక్కా లేబుల్ విప్పేసి, అక్కడ తన లేబుల్ కుట్టాడు.

"మరి సారు మోడల్ వాపస్ అడిగితే?" అంది రేణుక.

 యాదగిరి విప్పిన లేబుల్ తెచ్చి మాడిన చొక్కాకు కుట్టాడు. "పిల్లలు ఖరాబ్ చేసిన్రని చెప్త తియ్యి!"

సారు వచ్చాడు. యాదగిరి లేబుల్ ఉన్న చొక్కాను తిరగేసి చూసి మూతి విరిచాడు.

"ఇదేం కుట్టు యాదగిరీ? చంక దగ్గర వంకర పోయింది. మోడల్ ఏది?"

రేణుక తల దించుకుని మాడిన చొక్కా తెచ్చింది.

"పిల్లలు ఆగం చేసిన్రు సార్, మాఫ్ చెయ్యండి," అన్నాడు యాదగిరి.

"మరకలు పోనీ. కుట్టు చూడు, ఎంత తిన్నగా ఉందో! అందుకే వాళ్ల ముందు మనం నిలబడలేకపోతున్నాం."

ఒక్క క్షణం యాదగిరి ఛాతీ పొంగింది. నిజం నోటి దాకా వచ్చింది. చెబితే లేబుల్ మార్చిన దొంగ. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఔ సార్," అన్నాడు.

సారు ఆ కుట్టును వేలితో తడిమి మురిసిపోతూ, అక్కడే నిలబడి కంపెనీకి ఫోన్ చేశాడు.

ఆ విధంగా, యాదగిరి కుట్టు బాగున్నందుకు ఆర్డరు బంగ్లాదేశ్ పోయింది, యాదగిరి దుబాయి పోయాడు.