దుప్పటి మూలకు ఇరవై మార్కులు

ఆసుపత్రిలో మంచం ఉండేది రోగి పడుకోవడానికని మీరు ఇంకా నమ్ముతున్నారా? అయితే కువైట్‌లో నేను పడుకున్న వార్డులో మీరు పడుకోలేదన్నమాట. పడుకున్నాననడం కూడా అతిశయోక్తే. ఉన్న పదకొండు రోజుల్లో సగం కాలం మంచం పక్కన నిలబడే ఉన్నాను.

నేను షిప్పింగ్ కంపెనీలో టైపిస్టుని. మార్జిన్ ఒక్క అక్షరం జరిగినా కాగితం చించి పారేసే మనిషిని. ఎనభై మూడులో అపెండిక్స్ తీయించుకోవడానికి చేరినప్పుడు, లోకంలో నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని తెలిసి పొంగిపోయాను. వాళ్ళంతా నర్సింగ్ స్కూల్లో టీచర్లుగా ఉన్నారు.

వాళ్ళ స్టూడెంట్లు రోజూ పొద్దున ఆరున్నరకు మా మీద పడేవారు. "యల్లా", అంటే కానివ్వండి అని అరబ్బీలో ఒక్క కేక వేస్తే చాలు, కుట్లున్నవాడూ సెలైన్ ఎక్కుతున్నవాడూ మంచం దిగాల్సిందే. దుప్పటి మూల సరిగ్గా నలభై అయిదు డిగ్రీలకు మడవాలి. దిండు గలీబు మూతి గుమ్మం వైపు చూడకూడదు. మంచం చక్రాలు నాలుగూ ఒకే దిక్కుకి తిరిగి ఉండాలి. ఆ తర్వాత స్కూలు నుంచి ఇన్‌స్పెక్షన్ మేడమ్ వచ్చి చూసేదాకా పక్క మీద ఈగ కూడా వాలకూడదు. ఆ మేడమ్ ఒక్కోరోజు పదకొండింటికి గానీ వచ్చేది కాదు.

దీనివల్ల ఎన్ని లాభాలో చూడండి! ఆపరేషన్ అయినవాళ్ళు లేచి తిరగాలని డాక్టర్లు మొత్తుకుంటారు కదా? మేము నిలబడే సూప్ తాగాం, నిలబడే కునుకు తీశాం. పీర్ సాహెబ్ అని డెబ్బై ఏళ్ళ పెద్దాయన ఉండేవాడు. కవర్లోకి ఉత్తరం దూర్చినట్టు, ఒక్క ముడత పడకుండా దుప్పటి కిందికి దూరడం నేర్చుకున్నాడు. తుమ్ము వస్తే దిగి, వరండాలోకి పోయి తుమ్మి వచ్చేవాడు. ఇంటి దగ్గరే ఉంటే ఆ వయసులో ఇంత విద్య అబ్బేదా?

స్టూడెంట్ల మార్కుల పుస్తకం కూడా తిరగేశాను. మూల మడతకు ఇరవై, దిండుకు పది, టోపీకి అయిదు, ఏప్రన్‌కు అయిదు. రోగి బతికి ఉన్నాడా లేదా అన్నదానికి గడి లేదు. ఎంత ముందుచూపు! గడి పెడితే రోగిని ముట్టుకోవాలి, ముట్టుకుంటే దుప్పటి నలుగుతుంది.

ఇంత చక్కటి ఏర్పాటును ఒక పిల్ల పాడు చేసింది. పేరు మజీదా. రాయచోటి నుంచి వచ్చి ఫర్వానియాలో కాపురముంటున్న డ్రైవర్ అన్వర్ బాషా కూతురు. నాలుగు నెలల్లో వెయ్యి పక్కలు వేసింది గానీ ఒక్క రోగి చెయ్యి కూడా పట్టుకోనివ్వలేదు ఆ పిల్లని. అప్పటికే టోపీ పిన్ను వంకర పోయిందని ఒకసారి ఫెయిల్ చేశారు. నేను చెప్పబోయే రోజు ఆమెకు ఆఖరి ఇన్‌స్పెక్షన్. అదీ పోతే మరో మూడు నెలలు ఇదే వార్డులో పక్కలు వేయాలి.

నా పక్క మంచం బాలసుబ్బయ్యది. సబ్హాన్‌లో గోడౌన్ కూలీ. కాలి మీద పెట్టె పడి ఎముక విరిగితే, ముందురోజే తొడ నుంచి పాదం దాకా పిండికట్టు వేశారు. దిగలేడు కాబట్టి అతన్ని కూడా మంచంలో భాగంగానే లెక్కించి పైనుంచి దుప్పటి బిగించారు. మూల మడత ఎంత అందంగా కుదిరిందంటే, కాలి వేళ్ళు కూడా బయటికి కనపడలేదు.

"పాపా, రాత్రంతా ఒకటే సలుపు. ఇప్పుడు సలుపు గూడా లేదు. వేళ్ళు ఉండాయో లేదో తెలీడంల్యా," అన్నాడతను మెల్లగా.

మజీదా వెళ్ళి వార్డు సిస్టర్‌కి చెప్పింది. నీ పని దుప్పటి, కాలు సంగతి డాక్టర్ రౌండులో చూసుకుంటాడు అందావిడ. ఆ పిల్ల తిరిగొచ్చి మడత వైపే చూస్తూ నిలబడింది. నేను పెద్దవాణ్ణి కదా, మంచిమాట చెప్పాను.

"పది నిమిషాల్లో ఇన్‌స్పెక్షన్ అమ్మాయ్. వేళ్ళెక్కడికి పోతాయి, తర్వాత చూడు."

"పోతాయి సార్. అట్లా వదిలేస్తేనే పోతాయి," అంది.

అంటూనే ఇరవై మార్కుల మడతను ఒక్క లాగున ఊడబీకింది! వేళ్ళు నేరేడుపళ్ళ రంగుకి తిరిగి ఉన్నాయి. ముట్టుకుని చూసి, దుప్పటి కింద పడేసి, వరండాలో పోతున్న డాక్టర్ దగ్గరికి పరుగెత్తింది. స్టూడెంట్ నేరుగా డాక్టర్‌తో మాట్లాడకూడదని రూలు. ఆమె మాట్లాడలేదు, ఆయన కోటు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

కట్టు బిగిసి రక్తం ఆడటం లేదని ఆయన అక్కడికక్కడే దాన్ని చీల్పించాడు. ఇంకో గంట ఆగితే పాదం తీసేయాల్సి వచ్చేదన్నాడు. సరిగ్గా అప్పుడే మేడమ్ వచ్చింది. నేల మీది దుప్పటి చూసింది, జారిన టోపీ చూసింది, పుస్తకంలో సున్నా వేసింది. వార్డులో పరుగెత్తినందుకు అయిదు మార్కులు కోసింది కూడా. సున్నాలో అయిదు ఎలా కోస్తారో నాకు తెలీదు, చదువుకున్నవాళ్ళకు తెలుస్తుంది.

బాలసుబ్బయ్య పాదం నిలిచింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. పాదమే పోయుంటే, కాలు లేని కూలీని ఏ కఫీల్, అదే వీసా ఇచ్చిన యజమాని, ఉంచుకుంటాడు చెప్పండి? కానీ అది అతని సొంత విషయం, దానికి పుస్తకంలో గడి లేదు.

నా మంచానికి మాత్రం పదకొండు రోజులూ ఇరవైకి ఇరవై. అంత గొప్ప దుప్పటి ఎత్తి, కింద నా కుట్టు ఎలా ఉందో చూసే సాహసం ఎవరు చేస్తారు? ఇంటికెళ్ళిన వారానికి చీము పట్టింది. మళ్ళీ చేరమన్నారు. ఫస్టు మార్కులు వచ్చిన స్టూడెంట్ల వార్డులో మంచం సిద్ధంగా ఉందన్నాడు గుమాస్తా. ఫెయిలైన పిల్ల ఉన్న వార్డే కావాలన్నాను. అక్కడ ఖాళీ లేదట, వరండాలో బెంచీ మీద కూర్చున్నాను.

కాసేపటికి మజీదా దుప్పట్లు మోసుకుంటూ అటుగా వచ్చి, నన్ను చూసి ఆగింది. వాటిని బెంచీ మీద కుప్పగా పడేసింది.

"ఏదీ, చూపీండి సార్," అంది.

ఆ ఆసుపత్రిలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. ఆ రోజు ఆమెకు నేను చెప్పిన మంచిమాట గుర్తొచ్చి, సిగ్గుతో తల దించుకునే చొక్కా ఎత్తాను.