గద్ద దరఖాస్తు పెట్టుకున్న వైనం

దేశ గగనతలం పూర్తి సురక్షితంగా ఉందనీ, వైమానిక దళాన్ని విడిచి వెళ్లాలన్న ఆలోచన తమ స్థావరంలో ఏ ఒక్క పైలట్‌కూ లేదనీ కమాండర్‌గారు సోమవారం ఉదయం కవాతు మైదానంలో ప్రకటించారు. ఆ సమయంలో ఆయన ఎదుట నిటారుగా నిలబడిన పైలట్లు ఎవరి దరఖాస్తు వారు మనసులో సరిచూసుకుంటున్నారు.

"కొందరు యూనిఫాం విప్పేసి, ఆకాశంలో బస్సులు తోలుకోవడానికి పోతుంటారు," అన్నారు కమాండర్. "అలాంటివాళ్ల పేరు నా ముందు ఎత్తకండి. బాండు గడువు తీరకముందు దరఖాస్తు పెట్టడం ద్రోహం. తీరాక పెట్టడం కృతఘ్నత. ఈ రెండూ కాని సమయంలో ఎవరైనా పెట్టుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు."

ఆ ఉదారతకు అందరూ చప్పట్లు కొట్టారు.

కొట్టినవారిలో గద్ద ఒకడు. యుద్ధ విమానాలు నడిపేవారికి దళంలో మారుపేర్లు పెడతారు. మేఘాల మీంచి నేల మీద పాకే జీపును గుర్తుపట్టగలడు కనుక ఇతనికి ఆ పేరు వచ్చింది. ఫ్రిజ్‌లో కళ్లెదుట ఉన్న పాలగిన్నె కనిపించదని అతని భార్య ఆరోపణ. దళం దాన్ని పరిగణనలోకి తీసుకోలేదు.

గద్దకు ఉద్యోగం మీద విరక్తేమీ లేదు. విమానం ఎక్కిన ప్రతిసారీ అతనికి ఇప్పటికీ మొదటిసారి ఎక్కినట్టే ఉంటుంది. చిక్కంతా ఇంట్లోనే వచ్చింది. బదిలీల మీద బదిలీలు కావడంతో వాళ్ల అట్టపెట్టెల్లో కొన్ని, మూడు క్వార్టర్లు మారినా, టేపు ఊడకుండానే తిరుగుతున్నాయి. కూతురు కొత్త బడిలో ఎవరితోనూ మాట్లాడటం లేదని టీచరు కబురంపింది. ఎందుకమ్మా అని అడిగితే, "ఎలాగూ వెళ్లిపోతాం కదా నాన్నా, మళ్లీ ఎందుకు పరిచయాలు," అంది ఆ పిల్ల, పుస్తకంలోంచి తలెత్తకుండా.

అతని భార్య సాధించే మనిషి కాదు. ఆ సాయంత్రం బట్టలు మడతపెడుతూ ఒక్క మాటే అంది. "వాళ్లకి మీరు కాకపోతే ఇంకొకరున్నారు. మాకు మీరొక్కరే."

దాంతో గద్ద విమాన కంపెనీకి దరఖాస్తు పెట్టాలని నిర్ణయించుకున్నాడు. ఎప్పుడు పెట్టాలి, ఎలా పెట్టాలి అన్నవే మిగిలిన ప్రశ్నలు.

ఇలాంటి జాతీయ ప్రాముఖ్యం గల ప్రశ్నలకు ప్రతి కుటుంబంలోనూ ఒక నిపుణుడు ఉంటాడు. గద్ద బావమరిది నీళ్ల హీటర్లు అమ్ముతాడు. ఆ పని మీద తరచూ విమానాల్లో, అదీ కిటికీ పక్కనే కూర్చుని తిరుగుతాడు కనుక వైమానిక రంగం అతనికి కొట్టిన పిండి.

"ఎప్పుడు పెట్టాలని అడుగుతున్నావంటేనే ఆలస్యమైపోయింది బావా," అన్నాడు. "విమాన కంపెనీలో అంతా చేరిన తేదీ మీదే నడుస్తుంది. నీకంటే ఒక్క రోజు ముందు చేరినవాడు నీకు జన్మంతా పెద్దన్నే. మంచి రూట్లు వాడికి, తెల్లారగట్ట లేచేవి నీకు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. దళంలో ఉండగానే పెట్టు."

"దళానికి తెలిస్తే?"

"తెలియకుండా ఉండటం నేర్పలేదా మీకు? రాడార్‌కే దొరకనివాడివి, ఆఫీసు గుమాస్తాకు దొరుకుతావా?"

అది చక్కని సలహా. ఎలా పెట్టాలన్న విషయంలో అతనిచ్చిన సలహా ఇంకా చక్కనిది. గద్ద నిజాయితీగా రాసుకున్న అర్హతల పత్రాన్ని చదివి అతను జాలిపడ్డాడు. "బాంబులు, క్షిపణులు అని రాస్తే భయపడి చస్తారు బావా. వాళ్ల భాషలో చెప్పాలి," అంటూ దగ్గర కూర్చుని తిరగరాయించాడు. 'శత్రు స్థావరాలపై దాడులు' అన్న చోట ఇలా చేరింది: 'క్లిష్టమైన ప్రాంతాల్లో, ముందస్తు సమాచారం ఇవ్వని చిరునామాలకు సైతం సరుకును సకాలంలో అందజేసితిని. అందుకున్నవారిలో తిరిగి పంపినవారు లేరు.'

దరఖాస్తు అందుకున్న విమాన సంస్థకు ఆ వాక్యం బాగా నచ్చిందని తరవాత తెలిసింది. నచ్చనిది గద్ద గాల్లో గడిపిన గంటల లెక్క. విమాన సంస్థలు పైలట్ సత్తాను గంటల్లో కొలుస్తాయి. సరుకు విమానాన్ని ఆవలిస్తూ సముద్రం దాటించినవాడికి బోలెడన్ని గంటలు పోగవుతాయి. శబ్దాన్ని వెనక్కి నెట్టి వెళ్లినవాడు ఇట్టే తిరిగొచ్చేస్తాడు. అంచేత, మరీ వేగంగా పనిచేయడం వల్ల గద్దకు అనుభవం చాలలేదని తేలింది. అదే దూరం మెల్లగా వెళ్లి ఉంటే ఈపాటికి నిష్ణాతుడై ఉండేవాడు. ఈ సూత్రం మీద నడిచే కార్యాలయాలు మన పాఠకులకు కొత్త కాదు.

ఎలాగైతేనేం, మెల్లగా వెళ్లే శిక్షణ విమానాలెక్కి లోటు పూడ్చుకున్నాక ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. బావమరిదికి మూత్రపిండంలో రాయి పడిందని, ఆపరేషన్‌కు దగ్గరుండాలని గద్ద సెలవు అడిగాడు. కమాండర్ వెంటనే మంజూరు చేశారు. ఆయన కూడా ఎక్కడికో తనిఖీకి వెళ్లే హడావిడిలో ఉన్నారు.

విమాన సంస్థ కార్యాలయంలో నిరీక్షణ గది నున్నటి గాజు తలుపులతో, మెత్తటి సోఫాలతో ఉంది. గద్ద లోపల అడుగుపెట్టేసరికి అతని దళంలో సగం మంది అక్కడే కూర్చుని ఉన్నారు. అందరూ కొత్త సూట్లలో ఉన్నారు. ఒకరి సూటు చేతికి ధర చీటీ ఇంకా వేలాడుతోంది. ఒకడు చెల్లెలి పెళ్లికి, మరొకడు తాతగారి అంత్యక్రియలకు సెలవు పెట్టినవారే. ఎవరూ ఎవరినీ గుర్తుపట్టలేదు. శత్రువు చేతికి చిక్కినా నోరు విప్పకూడదని దళం ఇచ్చిన శిక్షణ ఆ గదిలో అద్భుతంగా అక్కరకొచ్చింది.

మూల సోఫాలో పత్రిక చాటున కూర్చున్న పెద్దమనిషి పేజీ తిప్పాడు. గద్ద ఒళ్లు దానంతటదే లేచి నిలబడి సెల్యూట్ కొట్టింది.

"కూర్చో," అన్నారు కమాండర్, పెదవులు కదపకుండా. "ఇక్కడ సెల్యూట్ కొడితే ఇద్దరం దొరికిపోతాం."

"సర్."

"మీ బావమరిదికి ఎలా ఉంది?"

"కోలుకుంటున్నాడు సర్. మీ తనిఖీ?"

"సాగుతోంది."

ఆ పూట దేశ గగనతలాన్ని ఎవరు కాపాడారో ఇప్పటికీ స్పష్టంగా తెలియదు. దట్టంగా మబ్బు పట్టిందని మాత్రం రికార్డుల్లో ఉంది.

లోపల గద్దను ప్రశ్నించింది సిబ్బంది విభాగం మేనేజరు. చిరునవ్వు చెదరని మనిషి. ఒత్తిడిలో పనిచేసిన సందర్భం ఒకటి చెప్పమంది. సముద్రం మీద ఒక ఇంజన్‌కు నిప్పంటుకుంటే, మిగిలిన ఒక్క ఇంజన్‌తో విమానాన్ని ఒడ్డుకు చేర్చిన సంగతి గద్ద పొడిపొడిగా చెప్పాడు. ఆమె రాసుకుంది.

"చాలా బావుందండీ. దీనివల్ల కస్టమర్‌కి కలిగిన సంతృప్తి ఏంటి?"

గద్ద ఆలోచించాడు. "బతికాడండీ."

"ఎవరు?"

"నేనే. లోపల ఇంకెవరూ లేరు."

"అంటే కస్టమర్ సమస్యని మీ సొంత సమస్యగా తీసుకున్నారన్నమాట," అందామె మెచ్చుకోలుగా, ఏదో గడిలో టిక్కు పెట్టి. ఉద్యోగం వచ్చింది.

విడుదల కాగితాల మీద కమాండర్ కిక్కురుమనకుండా సంతకం చేశారు. వీడ్కోలు సభలో మాత్రం దేశం ఒక కంటిని కోల్పోతోందని గద్గదంగా మాట్లాడారు. ఆయనకూ ఆ సంస్థలో ఉద్యోగం వచ్చినా, తన రాజీనామాను కొన్ని వారాలు ఆపుకున్నారు. వార్షిక కవాతులో గౌరవ వందనం స్వీకరించే వంతు ఆ ఏడు ఆయనది. గుర్రపు బగ్గీ మీద నిలబడి వందనం స్వీకరించాక గానీ సంస్థలో చేరలేదు. అప్పటికి గద్ద చేరి కొన్ని వారాలైంది.

ఆ కొన్ని వారాలే వాళ్ల తక్కిన జీవితాన్ని నిర్ణయించాయి. కాలక్రమంలో గద్ద కెప్టెన్ అయ్యాడు. అతని ఇంట్లో అట్టపెట్టెలన్నీ తెరుచుకున్నాయి. కూతురికి ఎంతమంది స్నేహితులయ్యారంటే ఫోను ఖాళీ ఉండటం లేదని తల్లి విసుక్కోసాగింది. కమాండర్ వంతు మాత్రం ఇంకా రాలేదు. ఒక ఉదయం డ్యూటీ పట్టికలో గద్ద పక్క సీటులో కో-పైలట్‌గా ఆయన పేరు పడింది.

"సర్, చక్రాలు పైకి తీయండి సర్," అన్నాడు గద్ద, విమానం నేల విడిచాక.

"నువ్వు సర్ అనడం మానెయ్యవయ్యా. ఆజ్ఞ ఇవ్వు," అన్నారు కమాండర్, చక్రాలు పైకి తీస్తూ. మీట వదిలి, "నిజం చెప్పొద్దూ, నాకిక్కడే హాయిగా ఉంది. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు," అన్నారు.

గమ్యం చేరేసరికి రన్‌వే మీద పొగమంచు దుప్పటిలా పరుచుకుంది. విమానం దిగొచ్చింది. నేల ఆనవాలు ఎక్కడా తగల్లేదు. గద్ద కళ్లకు కూడా తెల్లదనం తప్ప మరేమీ కనిపించలేదు. అతను మళ్లీ పైకి లేపాడు.

"పక్క ఊరికి పోదాం సర్. ఇంధనం ఉంది."

"ఈ పాటి మంచులో మనం దిగలేదూ ఆ రోజుల్లో?" అన్నారు కమాండర్.

"దిగాం సర్. అప్పుడు మన వెనక ఎవరూ లేరు."

కమాండర్ రేడియో అందుకున్నారు. పక్క విమానాశ్రయానికి కబురు చేసి, దారి సరిచేశారు.

విమానం పక్క ఊళ్లో పట్టులా దిగింది. కుదుపు లేదు, గీత లేదు. తలుపు తెరవకముందే ప్రయాణికులు లేచి నిలబడి దేశ పరిస్థితి గురించి తమ అభిప్రాయాలు వెల్లడించారు. ఒకాయన మీటింగు పోయింది. ఇంకొకాయన తాను పన్ను కట్టే పౌరుణ్నని ముమ్మారు గుర్తుచేశాడు. ఆయన ఫోను తెర మీద జవాను బొమ్మ, కింద 'మీ త్యాగానికి వందనం' అన్న మాట మెరుస్తున్నాయి. గద్ద గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ క్షమాపణ చెప్పాడు. పక్కనే నిలబడిన కమాండర్, జీవితంలో మొదటిసారి, తానూ చెప్పారు.

మీకు ఇదంతా తెలుసు. కిటికీ పక్క సీట్లో మీరు కూడా ఉన్నారు. బ్యాగు బెల్టు దగ్గర నిలబడి ఆ ప్రయాణానికి ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చారు. కారణం గడిలో 'పైలట్ పిరికివాడు' అని రాశారు. అంత పొడవు మాట తప్పు లేకుండా టైపు చేయడానికి మీ వేళ్లన్నీ క్షేమంగా ఉన్నందుకు సంస్థ తరఫున సంతోషం తెలియజేస్తున్నాం.