స్థలం వంగిందట

ఆదివారం పొద్దున్నే ఫిజిక్స్ లెక్చరర్ వేసుకున్న పథకంలో కష్టమైనదేమీ లేదు. అత్తగారి ఇనుప బీరువాను కింది అంతస్తుకి దించాలి. తరవాత టీ తాగాలి. ఆ తరవాత, బీరువా ఖాళీ చేసిన గదిలో పుస్తకాలు సర్దుకుని, తలుపేసుకుని, జీవితంలో మొట్టమొదటిసారి సొంత గదిలో కూర్చోవాలి.

అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. వాళ్ళుండే మూడో అంతస్తుకి లిఫ్టు లేదు. అందుకని కింద ఇల్లు ఖాళీ కాగానే కూతురు దాన్ని అద్దెకు తీసుకుని ఆవిణ్ణి అక్కడికి మార్చింది. ఆవిడ దిగింది గానీ బీరువా దిగలేదు. "నేను కిందా, నా బట్టలు పైనా. ఇదేం కాపురమే?" అని రోజూ ఫోన్ చేసేది.

సాయానికి బావమరిది వచ్చాడు. అతను విశ్వవిద్యాలయంలో గురుత్వాకర్షణ మీద పరిశోధన చేస్తున్నాడు. బరువులెత్తడంలో ఆ పరిశోధన పనికొచ్చిన దాఖలాలు మాత్రం అప్పటికి లేవు.

లెక్చరర్ కింది వైపు, బావమరిది పై వైపు పట్టుకుని కొన్ని మెట్లు బాగానే దిగారు. రెండో అంతస్తు ఇంకాస్త దూరంలో ఉందనగా, మలుపులో బీరువా గోడకీ రెయిలింగుకీ మధ్య ఇరుక్కుంది. ఊపిరి తీసుకుందామని ఆగారు. ఊపిరి మాత్రమే తీసుకుని ఉంటే సరిపోయేది.

"గురుత్వాకర్షణ బలమేంటో పుస్తకాలు చదివితే తెలీదోయ్. ఇలా భుజం మీదికి రావాలి" అన్నాడు లెక్చరర్, ప్రేమగానే.

"అది బలం కాదు బావా."

లెక్చరర్ ఇరవై ఏళ్ళుగా నల్లబల్ల మీద కిందికి బాణం గీసి, దాని పక్కన 'బలం' అని రాస్తున్నాడు.

"మరేంటి?"

"బరువున్న చోట స్థలమే వంగిపోతుంది. వస్తువులు ఆ వంపు వెంట పోతాయి. ఇదీ పాత మాటే అనుకోండి. కొత్త సిద్ధాంతం ఇంకా ముందుకెళ్ళింది. అసలు గురుత్వాకర్షణ అనేది విడిగా ఏమీ లేదట. అడుగునంతా గందరగోళం, అందులోంచి పుట్టుకొస్తుంది, వేడి పుట్టినట్టు."

"లేనిదాన్ని నేనెందుకు మోస్తున్నానయ్యా?"

"మీరు మోయట్లేదు బావా. పైకి తోస్తున్నారు."

"తోస్తున్నానా? మోస్తున్నాను! మోస్తున్నాను!"

"వంపో, బలమో, ముందు దాన్ని కదపండి!" అని పైనుంచి లెక్చరర్ భార్య కేకేసింది. సైన్సుకి ఇలాంటి అడ్డంకులు కొత్త కాదు కనక ఇద్దరూ పట్టించుకోలేదు. లెక్చరర్ తన వైపు కొసను మెట్టు మీద ఆనించి, వాదనకి రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాడు. ఆఖరి బెంచీకి వినిపించే గొంతుతో, "పునాదే లేదు! నేను రాసిస్తాను, దీనికి పునాదే లేదు!" అన్నాడు.

రెండో అంతస్తులో తలుపు తెరుచుకుంది. మెడలో టేపుతో టైలరమ్మ బయటికొచ్చింది.

"ఏంటి మాస్టారూ, స్థలం వంగిందంటున్నారు?"

శ్రోత దొరికితే బావమరిది వదలడు. బీరువా మీదుగా తల బయటపెట్టి, "వంగిందండీ. ఎప్పట్నుంచో వంగే ఉంది. మనం గమనించలేదంతే" అన్నాడు.

"అయ్యో! మా ఇంట్లో రెండు మిషన్లున్నాయే!"

"ఆ మేరకు ఇంకాస్త వంగి ఉంటుంది."

"ఇప్పుడెలా మరి?"

"చేసేదేం లేదండీ. మనమంతా ఆ వంపులోనే బతుకుతున్నాం."

టైలరమ్మ తిన్నగా మొదటి అంతస్తుకి దిగి, అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ తలుపు తట్టింది. ఈయన ఎప్పుడో ఒక ఆపద రాకపోతుందా అని మెళ్ళో విజిల్ వేసుకు తిరిగే మనిషి. విన్న మాటని నిర్ధారించుకోకుండా ఊదడం పద్ధతి కాదని ముందు మెట్లెక్కి వచ్చాడు.

"లెక్చరర్ గారూ, మీరు చదువుకున్నవారు. ఒక్క ముక్కలో చెప్పండి. పునాది ఉందా, లేదా?"

"ముమ్మాటికీ లేదు. ఉందని ఒక్క రుజువు చూపించమనండి!"

సెక్రటరీ బావమరిది వైపు తిరిగాడు. "మరి మీరేమంటారు?"

"పునాది విషయంలో బావతో నేను ఏకీభవించను. స్థలం వంగిందనే మాట మాత్రం ఇప్పుడు ఆయన కూడా కాదనలేరు."

"అది నేను కాదనలేదే" అన్నాడు లెక్చరర్, ఎక్కడ పాతకాలపు మనిషి అనుకుంటారోనని.

ఇద్దరు నిపుణులు ఒక్క విషయంలో ఏకాభిప్రాయానికి రావడం చూసి సెక్రటరీ ఇంక ఆగలేదు. విజిల్ ఊదాడు.

తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. "బిల్డింగు ఒరిగిపోయిందట!" అని ఒకరు, "కింద పునాదే వెయ్యలేదట, లెక్చరర్ గారే కనిపెట్టారు!" అని ఇంకొకరు. కింది వాళ్ళు గబగబా వీధిలో పడ్డారు. పైవాళ్ళు మాత్రం మలుపు దగ్గర బీరువా వెనక ఇరుక్కుపోయారు.

"ఆగండి! ఇది సిద్ధాంతం మాత్రమే!" అని లెక్చరర్ అరిచాడు.

"ధైర్యం తరవాత చెబుదురు గానీ, ముందు మీరు దిగండి సార్!" అన్నారు పైవాళ్ళు. అందరూ కలిసి 'హుప్' అన్నారు. అంతసేపూ మొండికేసిన బీరువా గాల్లోకి లేచింది. ఎవరి చేతుల్లో ఉందో ఎవరికీ తెలియకుండానే మెట్లన్నీ దిగి, గేటు దాటి, రోడ్డుకి అవతల మందుల షాపు ముందు నిలబడింది. దాంతోపాటే బావమరిది కూడా. అతను దాన్ని పట్టుకోవడం మానేసి చాలాసేపయిందిట.

"ఏమైందిరా?" అంది అత్తగారు. ఎవరో వేసిన కుర్చీలో అప్పటికే కూర్చుని ఉంది.

"ఏం లేదమ్మా, స్థలం..."

"నోరు మూసుకోరా తమ్ముడూ" అంది లెక్చరర్ భార్య.

ఫైరింజన్ వచ్చింది. వెనకే మున్సిపల్ ఇంజనీరు వచ్చాడు. మేడ మీదినుంచి దారానికి కట్టిన గుండు వేలాడదీసి, నాలుగు మూలలా చూశాడు. పగుళ్ళ కోసం గోడలన్నీ తడిమాడు.

"వెంట్రుకవాసి కూడా ఒరగలేదు. ఎవరండీ వంగిందన్నది?"

వీధంతా తిరిగి లెక్చరర్ని చూసింది. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. బావమరిది మధ్యమధ్యలో సవరించాడు. ఇంజనీరు చేతిలో గుండుని చూస్తూ ఓపిగ్గా విన్నాడు.

"అంటే ఈ గుండుని భూమి కిందికి లాగట్లేదా?"

"లేదండీ" అన్నాడు బావమరిది.

"లాగుతోంది" అన్నాడు లెక్చరర్.

"మీరిద్దరూ తేల్చుకుని ఆఫీసుకి రండి" అని ఇంజనీరు గుండు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. ఇదంతా ఆపదలో ఎలా బయటపడాలో నేర్పడానికి ముందుగా అనుకున్న అభ్యాసమేనని సెక్రటరీ ప్రకటించాడు. జనం లెక్చరర్ని ఒకలా చూస్తూ ఇళ్ళలోకి పోయారు. చెవులు ఎర్రబడ్డా, ఆయనకి ఒక్కటే ఊరట. బీరువా దిగింది. ఇంక రోడ్డు దాటిస్తే చాలు, గది తనది.

"ఇద్దరం పట్టుకుంటే నిమిషంలో మీ ఇంట్లో పెట్టేస్తాం అత్తయ్యగారూ" అన్నాడు హుషారుగా.

"నా ఇల్లేది బాబూ? నేనింక కింద ఉండను."

"అదేంటమ్మా! వంగలేదని ఇంజనీరు చెప్పాడుగా" అంది కూతురు.

"ఇవాళ వంగలేదు. రేపు నిజంగా కూలితే ముందు నలిగేది ఎవరు? కింద ఉన్నవాళ్ళు. పైనున్నవాళ్ళు మెత్తగా పైన పడతారు."

"మోకాళ్ళో?"

"నొప్పెడితే పెట్టనీ. ప్రాణం ఉంటేనే కదా నొప్పి. నా గది నాకుంది, నా బీరువా పైకి పంపించండి" అని ఆవిడ కుర్చీలోంచి లేచి, గేటులోకి నడిచి, రెయిలింగు పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కడం మొదలుపెట్టింది.

లెక్చరర్ తల ఎత్తి, మూడో అంతస్తులో తనది కావలసిన గది కిటికీ వైపు చూశాడు. బావమరిది కూడా అటే చూశాడు. తరవాత ఇద్దరూ వంగి బీరువా చెరో కొసా పట్టుకున్నారు.

మూడో అంతస్తు చేరేదాకా, గురుత్వాకర్షణ ఉందా లేదా అన్న విషయంలో వాళ్ళిద్దరి మధ్యా ఎలాంటి అభిప్రాయభేదమూ రాలేదు.